పాత వ్యాను, కొత్త భాగాలు: ఇంటి ముంగిట చేయదగిన పని, చేయరాని పని

(పుదుచ్చేరి పట్టణంలోని తెలుగు డ్రైవర్లు, సొంత వ్యాను నడుపుకొనేవారి సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం మనం మాట్లాడుకోవలసినది కూలి రేట్ల సంగతి కాదు, బోనస్ సంగతీ కాదు. మన వ్యానులలో డ్రైవరు కూర్చునే సీటు క్రిందనే సాగిపోయే ఒక జానెడు రబ్బరు పైపు సంగతి, చిటికెన వేలంత కండెన్సరు సంగతి, చక్రం లోపలి వైపు చెమ్మగిల్లిన బ్రేకు సిలిండరు సంగతి. ఇవి చిన్న విషయాలని ఎవరైనా భావించినట్లయితే, వారు నిశ్చయంగా వ్యాను మీద ఆధారపడి ఇల్లు గడపనివారై ఉంటారు.

ఇక్కడ కూర్చున్నవారిలో ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలోని యానాం నుండి వచ్చి స్థిరపడినవారు ఉన్నారు. తాతల నాటి నుండి ఈ ఊరివారే అయి, ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవారు ఉన్నారు. 2020లో ఏ.ఎఫ్.టి. మిల్లు మూతబడిన పిదప స్టీరింగు పట్టినవారూ ఉన్నారు. గోరిమేడులోని జిప్‌మెర్ ఆసుపత్రికి రోగులను తెచ్చేవారు, బడి పిల్లలను చేరవేసేవారు, గుబేర్ మార్కెట్టుకు సరుకు తోలేవారు, నూట యాభై కిలోమీటర్ల దూరంలోని చెన్నై విమానాశ్రయానికి తెల్లవారకముందే బయలుదేరేవారు – అందరి చేతిలోనూ ఉన్నది దాదాపు ఒకే రకం బండి. పాత మారుతి వ్యాను.

ఈ బండి 1984లో బజారులోకి వచ్చింది. 1988 నుండి దానికి ఓమ్ని అను పేరు వచ్చింది. 796 సీసీల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను, వెనుక చక్రాలకు లాగుడు, ప్రక్కకు జరిగే తలుపులు. ముప్పై అయిదేళ్లు దాదాపు అదే రూపంలో సాగి, 2019లో దాని తయారీ నిలిచిపోయింది. అనగా నేడు రోడ్డు మీద తిరుగుతున్న ఓమ్నిలలో కొత్త బండి అనదగినది ఒక్కటీ లేదు. మన సభ్యుల బండ్లలో అత్యధికం పదిహేనేళ్లు దాటినవి. అంతకుముందు తరంవారు నడిపిన మాటడోర్లు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ ట్వంటీ వ్యానులు చాలా మట్టుకు కనుమరుగైనవి. ఓమ్ని మిగిలినది. దానిని బ్రతికించుకొనుట ఎట్లా అన్నదే ప్రశ్న.

షెడ్డులో బండి నిలబడిన ప్రతి పూటా మనకు రెండు నష్టాలు. ఒకటి మెకానిక్కు కూలి, రెండవది ఆ పూట పోయిన ఆదాయం. నిజానికి రెండవదే పెద్దది. అందుచేత ఆదివారం నాడు ఇంటి అరుగు ముందు బండి నిలిపి, పానాలు పట్టి, భాగాలు స్వయంగా మార్చుకొనే అలవాటు మనలో పెరిగింది. మెకానిక్కు మిత్రులు దీనికి నొచ్చుకోవలసిన పని లేదు. తన బండిని తెలుసుకొన్న డ్రైవరు వారి వద్దకు వచ్చినప్పుడు లోపం ఎక్కడ ఉన్నదో సగం చెప్పగలడు. అడ్డదిడ్డంగా విప్పి తెచ్చినవాడితోనే వారికి తలనొప్పి. మేము ఈ అలవాటును సమర్థిస్తున్నాము. కాని దానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు ఎక్కడ గీయాలి అన్నదే నేటి ప్రసంగం.

భాగాలను ఖరీదును బట్టి, సైజును బట్టి విడదీయకండి. అది చెడినప్పుడు ఏమి జరుగుతుందో దానిని బట్టి విడదీయండి. కొన్ని చెడితే బండి ఆగిపోతుంది: ప్లగ్గు, పాయింటు, కండెన్సరు, కాయిలు, ఫ్యాను బెల్టు, బ్యాటరీ. మరికొన్ని చెడితే బండి ఆగదు: బ్రేకు గొట్టం, వీల్ సిలిండరు, స్టీరింగు జాయింట్లు. ఇంకా ఒక్కటి మిగిలినది, పెట్రోలు పైపు. అది చెడితే బండి అంటుకొంటుంది. మొదటి రకం భాగాలను మీరు నిర్భయంగా ఇంటి వద్ద మార్చుకోవచ్చు. పొరపాటు జరిగితే పోయేది ఒక బేరం. రెండవ రకం జోలికి ఇంటి ముంగిట పోవద్దు. పెట్రోలు పైపు మార్చవచ్చు, మార్చి తీరాలి కూడా. కాని దాని పద్ధతి వేరు.

ముందుగా కండెన్సరును తీసుకొందాము, ఏలయన అది చేసినంత అన్యాయం మరే భాగమూ చేయదు. తొలినాటి కార్బురేటరు వ్యానులలో, మనవాళ్లు డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటరుకు అంటుకొని చిన్న డబ్బీ వలె ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బండి దగ్గి ఆగిపోతుంది. ప్రయాణికులు దిగి చెట్టు నీడకు పోతారు. అరగంట గడిచాక తాళం తిప్పితే ఏమీ ఎరుగనట్లు స్టార్టవుతుంది. షెడ్డుకు తీసుకొనిపోతే అక్కడ బుద్ధిగా నడుస్తుంది. మెకానిక్కుకు లోపం కనిపించదు. కాయిలు మారుస్తారు, ప్లగ్గులు మారుస్తారు, కార్బురేటరు విప్పి కడుగుతారు, చివరకు పెట్రోలు పంపు కూడా మారుతుంది. వేలు ఖర్చయిన తరువాత తెలిసేది ఏమనగా, వేడెక్కినప్పుడు మాత్రమే లోపల తెగిపోయే ఆ చిన్న డబ్బీయే దోషి అని. దీనిని పట్టుకొనుటకు ఒక గుర్తు ఉన్నది. పాయింటు ముఖాలు తరచుగా కాలి, నీలి రంగు తిరిగి, ఒక వైపు గుంట, మరో వైపు మొటిమ ఏర్పడుతుంటే ముందుగా కండెన్సరును అనుమానించండి.

దానిని మార్చుట కష్టమేమీ కాదు, ఒక స్క్రూ, ఒక తీగ. కష్టం మరొక చోట ఉన్నది. కొత్తగా కొన్న కండెన్సరు పాతదానికంటే ముందే ప్రాణం విడిచిన అనుభవం మీలో ఎందరికి లేదు? చేతులు లేచినవి, చూచితిరా! పాత బండికి భాగాలు మార్చేవారు మొదట వదలుకోవలసిన భ్రమ ఇదే, కొత్తదంతా నమ్మదగినదన్న భ్రమ. ఇరవై ఏళ్లు పనిచేసిన భాగం తన మాటను నిలబెట్టుకొన్నది. నిన్న పెట్టెలో నుండి తీసినది ఇంకా ఏ పరీక్షకూ నిలవలేదు. కనుక ఒక్కసారికి ఒక్క భాగమే మార్చండి. మార్చి నాలుగు రోజులు ఊరిలోనే నడపండి. అప్పుడు కొత్త జబ్బు వచ్చినట్లయితే ఎవరి వలన వచ్చినదో మీకు తెలుస్తుంది. ఒకే ఆదివారం ఆరు భాగాలు మార్చి, సోమవారం బండి కదలకపోతే ఆరింటినీ మళ్లీ విప్పవలసినదే. చెడిపోకుండానే తీసిన పాత భాగాన్ని పారవేయకుండా, గుడ్డలో చుట్టి, చీటీ వ్రాసి, బండిలోనే ఉంచండి. మన సభ్యులు దారిలో పాత కండెన్సరు తగిలించి ఇంటికి చేరిన సందర్భాలు తక్కువేమీ కావు.

పాయింట్ల విషయంలోనూ ఇంతే. నాసిరకం పాయింటులో క్యాము మీద రాసుకొనే ముక్క త్వరగా అరిగిపోతుంది. అది అరిగిన కొద్దీ సందు మూసుకొనిపోతుంది, టైమింగు వెనుకబడుతుంది, బండి లాగదు. మీరు ఇంజను పాతబడినదని దానిని నిందిస్తారు. ఫీలర్ గేజితో సందు కొలవండి. సాధారణంగా 0.4 నుండి 0.5 మిల్లీమీటరు మధ్య ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఇచ్చినదే ప్రమాణం. క్యాము మీద బియ్యపు గింజంత గ్రీజు చాలు. ఎక్కువైతే చిందిపోయి పాయింటు ముఖం మీద పడుతుంది. ఇంజెక్షను వ్యానులు ఉన్నవారికి ఈ బాధ లేదు, వారి బాధలు వారికి ఉన్నవి.

ఇక పెట్రోలు పైపు. ఇక్కడ కాస్త నిలిచి మాట్లాడవలసి ఉన్నది.

మనం పోయించుకొంటున్నది పదేళ్ల క్రితం నాటి పెట్రోలు కాదు. అందులో ఇథనాలు పాలు 2022లో పది శాతానికి చేరింది, 2025 నాటికి ఇరవై శాతమైనది. ఇరవై శాతాన్ని తట్టుకొనే రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలతో బండ్లు తయారు కావడం 2023 ఏప్రిల్ నుండి మాత్రమే నియమమైనది. మన ఓమ్ని ఏదీ ఆ తేదీకి తరువాత పుట్టినది కాదు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు ఇరవై, ముప్పై వేల కిలోమీటర్లు నడిచిన పిదప మార్చవలసి రావచ్చునని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖయే తన వివరణలో చెప్పింది. అది చౌకగా అయ్యే పని అని కూడా చెప్పింది. చౌకయే కావచ్చు. కాని బేరం మీద తిరిగే బండికి ఇరవై వేల కిలోమీటర్లంటే ఎన్ని నెలలో మీరే లెక్క వేసుకోండి. ఆ ఖర్చు ఎవరి జేబు నుండి పోతున్నదో కూడా చెప్పనవసరం లేదు. ఇథనాలు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ సభకు సంబంధించినది కాదు. పంపులో అది వస్తున్నది. మన పైపు దానిని తట్టుకోవాలి.

ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల క్రింద ఉన్నది. ఇతర కార్లలో పెట్రోలు కారితే ముందర ఉన్న బానెట్టు క్రింద కారుతుంది. మన బండిలో మనం కూర్చున్న చోటుకు దిగువన, వేడి ఇంజను ప్రక్కన కారుతుంది. ఉదయం తలుపు జరపగానే పెట్రోలు వాసన తగిలితే, పాత బండికి ఇది మామూలేనని సరిపెట్టుకోవద్దు. అది మామూలు కాదు. సీటు ఎత్తి పైపును వేళ్లతో వంచి చూడండి. క్లిప్పు పడిన చోట సన్నని పగుళ్లు కనిపించినా, పైపు ఎండిన చెరకు ముక్క వలె బిరుసెక్కినా, లేక ముట్టుకొంటే జిగురుగా మెత్తబడినా, ఆ రోజు బండి కదలరాదు. కార్బురేటరు బండ్లలో మరొక గుర్తు: ఆయిలు కొలిచే కడ్డీ తీసి వాసన చూడండి. ఆయిలు మట్టం దానంతటది పెరిగి, పెట్రోలు వాసన వచ్చినట్లయితే పంపులోని డయాఫ్రం చినిగి పెట్రోలు ఇంజనులోకి దిగుతున్నదని అర్థం. పల్చబడిన ఆ ఆయిలుతో నడిపితే బేరింగులు మిగలవు.

పైపు కొనేటప్పుడు దాని ఒంటి మీద ముద్రించిన అక్షరాలు చదవండి. పెట్రోలుకు పనికివచ్చే పైపు మీద ఎస్.ఏ.ఇ. జె30 అను గుర్తు, దాని వెంట ఆర్ అక్షరంతో ఒక అంకె ఉంటుంది. ఆర్9 రకం ఇంజెక్షను బండ్లకు ఉద్దేశించినది. ఇథనాలును కూడా బాగుగా తట్టుకొంటుంది. కార్బురేటరు బండికి దానినే వేసినా నష్టం లేదు, నాలుగు రూపాయలు ఎక్కువ అవుతుందంతే. ఏ గుర్తూ లేని నల్ల పైపు, నీటికి వాడే పైపు, బజారులో మీటర్ల లెక్కన అమ్మే పారదర్శకమైన ప్లాస్టిక్కు గొట్టం – ఇవి పెట్రోలుకు పనికిరావు. ఆ ప్లాస్టిక్కు గొట్టంలో పెట్రోలు పారుతూ కనిపించుట ముచ్చటగా ఉంటుంది, కొద్ది నెలలకే అది గాజు వలె బిరుసెక్కుతుంది.

పని జరిగే తీరు ఇట్లా ఉండాలి. ఇంజను పూర్తిగా చల్లబడాలి. బ్యాటరీ నెగెటివు తీగ ముందుగా విప్పాలి. బండి వీధిలో, గాలి ఆడే చోట ఉండాలి. వంటింటి కిటికీ ప్రక్కన వద్దు, దేవుని దీపం వెలిగే వరండాలో వద్దు. బీడీల సంగతి పెద్దవారికి చెప్పవలసిన పని లేదు గాని, చూడటానికి వచ్చి నిలబడే ఇరుగుపొరుగువారికి చెప్పాలి. ప్రక్కన పొడి రకం మంటల సిలిండరు, అది లేకపోతే కనీసం ఒక బకెట్టు ఇసుక. నీళ్లు పెట్రోలు మంటను ఆర్పవు, పారించి పెద్దవి చేస్తాయి. ఇంజెక్షను బండి అయితే పైపులో సుమారు మూడు బార్ల పీడనం ఉంటుంది. కార్బురేటరు బండిలోని దానికి పదింతలు. బ్యాటరీ తీగ విప్పకముందే పంపు ఫ్యూజు తీసివేసి, ఇంజనును అదే ఆగిపోయే వరకు నడిపి, ఆ పీడనాన్ని దింపుకోవాలి. లేకపోతే పైపు ఊడదీసిన క్షణాన పెట్రోలు ముఖాన చిమ్ముతుంది. ట్యాంకు నుండి ఫిల్టరుకు, ఫిల్టరు నుండి పంపుకు, పంపు నుండి ఇంజనుకు, తిరిగి ట్యాంకుకు పోయేది – రబ్బరు ముక్కలన్నీ ఒకేసారి మార్చండి. ఒకసారికి ఒక్క భాగమే అని ఇంతకు ముందు చెప్పిన మాటకు ఇది మినహాయింపు. అన్నీ ఒకే వయసువి, ఒకటి పగిలితే మిగతావి వెనుకనే వస్తాయి. పాత క్లిప్పులు తిరిగి వాడవద్దు. అంచులు పదునుగా ఉండి రబ్బరును కోసే క్లిప్పులు అసలు వాడవద్దు. అయిన తరువాత సీటు ఎత్తి ఉంచి పది నిముషాలు ఇంజను నడిపి, ప్రతి కీలునూ పొడి గుడ్డతో తుడిచి, మళ్లీ చూడండి. ఇథనాలు పాత ట్యాంకులోని మడ్డిని కూడా కదిలిస్తుంది. ఫిల్టరును రెండు మూడు నెలలకే మరొకసారి మార్చవలసి వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

వంటగ్యాసు సిలిండరును వ్యానులో తగిలించి నడిపేవారు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. అది చట్టవిరుద్ధమన్నది తరువాతి మాట. వెనుక బడి పిల్లలను కూర్చోబెట్టి ఆ పని చేసేవారి పక్షాన ఈ సంఘం నిలబడదు.

బ్రేకుల విషయానికి వస్తున్నాము. ఈ ఊరు సముద్రాన్ని ఒరుసుకొని ఉన్నది. ఆ ఉప్పుగాలి మన బండ్ల అడుగు భాగాన చేసే పని లోతట్టు ఊళ్లవారికి తెలియదు. ఇనుప బ్రేకు గొట్టం బయటకు బాగానే కనిపిస్తుంది. దానిని అడుగు రేకుకు పట్టి ఉంచే క్లిప్పు క్రింద, ఉప్పు తేమ నిలిచిన చోట తుప్పు తింటూ ఉంటుంది. ఒక రోజు గట్టిగా పెడలు నొక్కినప్పుడు, సరిగ్గా అవసరమైన ఆ ఒక్క క్షణాన, అది పగులుతుంది. బ్రేకు ఆయిలు సంగతి కూడా వినండి. అది గాలిలోని తేమను పీల్చుకొనే పదార్థం. డాట్ 3 రకం ఆయిలు కొత్తదైనప్పుడు కనీసం 205 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూడున్నర శాతానికి పైన తేమ చేరిన పిదప ఆ కనీస మట్టం 140 డిగ్రీలకు పడిపోతుంది. నిండుగా జనాన్ని ఎక్కించుకొని మాటిమాటికి బ్రేకు వేసే బండిలో ఆ వేడి రావటం అసాధ్యమేమీ కాదు. ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి, పెడలు మెత్తగా క్రిందికి దిగిపోతుంది. కనుక రెండేళ్లకొకసారి, మన ఊరిలో అంతకంటే ముందుగానే, బ్రేకు ఆయిలు మార్చించండి. మూత తీసి ఉంచిన పాత డబ్బాలోని ఆయిలు పోయవద్దు. బ్రేకు డబ్బాలో ఇంజను ఆయిలు ఒక్క చెంచా పడినా లోపలి రబ్బరులన్నీ ఉబ్బిపోతాయి.

మరి ఇంటి వద్ద చేయవలసినది ఏమిటి? చూచుట. ప్రతి ఆదివారం డబ్బాలో ఆయిలు మట్టం చూడండి, చక్రాల లోపలి వైపు తడి ఉన్నదేమో చూడండి, రబ్బరు గొట్టాలు ఉబ్బినవేమో చూడండి, అడుగున క్లిప్పుల వద్ద తుప్పు గీకి చూడండి. అనుమానం కలిగితే పని తెలిసిన మెకానిక్కు వద్దకు బండిని మీరు నడుపుకొని పోవద్దు, ఆయననే పిలిపించండి. వీల్ సిలిండరు కిట్టు మార్చుట తమకు తెలుసునని చెప్పే సభ్యులు ఉన్నారు. తెలిసే ఉండవచ్చు. అయినా ఇంటి ముంగిట గాలి పూర్తిగా తీసినదీ లేనిదీ పరీక్షించేది ఎవరు? సాయంత్రపు బేరం తొందరలో ఉన్న మనిషి తన పనిని తానే పరీక్షించుకొనుటను మేము ఒప్పుకోము. స్టీరింగు జాయింట్లకు కూడా ఇదే మాట.

ఇక ఈ భాగాలు ఎక్కడ కొంటున్నాము? బండి తయారీ నిలిచిపోయినప్పటి నుండి అసలు భాగాలు అన్ని చోట్లా సులభంగా దొరకుట లేదు. చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు అంగళ్లకు పోతున్నాము, పుదుపేటలో పాత బండ్ల నుండి విప్పిన భాగాలు ఏరుకొంటున్నాము, విజయవాడ ఆటోనగరులోని బంధువులకు కబురు పంపుతున్నాము. పాత బండి నుండి విప్పిన అసలు డిస్ట్రిబ్యూటరు గాని, తలుపు చట్రం గాని, ఆల్టర్నేటరు గాని కొనుటలో తప్పు లేదు. రబ్బరు, బ్రేకు భాగం, బెల్టు మాత్రం ఎంత మెరుస్తున్నా విప్పినది కొనవద్దు. వయసు రబ్బరులో కనిపించదు.

నకిలీల వ్యాపారం మరొక రకం. వారు అనామకపు పెట్టెలో అమ్మరు, పేరు మోసిన కంపెనీ పెట్టెనే అచ్చు గుద్ది అమ్ముతారు. అచ్చు మసకగా ఉండుట, అక్షర దోషాలు, తయారీ నెల లేకపోవుట, భాగం సంఖ్య పెట్టె మీద ఒకటి, వస్తువు మీద మరొకటి ఉండుట – ఇవి చూడండి. పాత భాగాన్ని వెంట తీసుకొనిపోయి, రెండు చేతులతో రెండూ పట్టి బరువు పోల్చండి. అన్నింటికంటే ముఖ్యం బిల్లు. అంగడివాడు “బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను” అంటాడు. 2025 సెప్టెంబరు 22 నుండి వాహన భాగాల మీద జి.ఎస్.టి. పద్దెనిమిది శాతం, అంతకు ముందు చాలా భాగాలకు ఇరవై ఎనిమిది శాతం ఉండెను. ఆ పద్దెనిమిది రూపాయల ఆశకు మనం వదులుకొనేది మన ఏకైక సాక్ష్యాన్ని. బిల్లు ఉన్నట్లయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు అక్కడ రుసుము లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182-ఏ సెక్షను ప్రకారం, ప్రభుత్వం కీలక భద్రతా భాగమని ప్రకటించిన దానిని ప్రమాణాలకు విరుద్ధంగా అమ్మినవానికి ఒక్కొక్క భాగానికి లక్ష రూపాయల జరిమానా గాని, ఏడాది వరకు జైలు గాని, రెండూ గాని. చట్టం పుస్తకంలో ఉన్నది. బిల్లు లేనివానికి అది పుస్తకంలోనే ఉంటుంది.

చట్టం మన వైపు చూచినప్పుడు ఎట్లా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. అదే మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షను, తనకు తెలిసిన లోపంతో గాని, మామూలు శ్రద్ధ వహించి ఉంటే తెలిసి ఉండే లోపంతో గాని ప్రమాదకరమైన బండిని నడిపినవానిని, నడపనిచ్చినవానిని కూడా దోషిగా చూస్తుంది. “నాకు తెలియదు” అన్న జవాబు చాలదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం, నిర్లక్ష్యం వలన మరణం సంభవిస్తే అయిదేళ్ల వరకు శిక్ష. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్లు. ఆ సెక్షనులోని రెండవ ఉపవిభాగం మీద 2024 జనవరిలో దేశమంతటా డ్రైవర్లు బండ్లు నిలిపినది మీకు గుర్తున్నది. ఆ ఉపవిభాగాన్ని నాడు అమలులోకి తేలేదు. మొదటి ఉపవిభాగం మాత్రం అమలులోకి వచ్చింది. బ్రేకు పగిలినప్పుడు నకిలీ భాగం చేసినవాడు ఎక్కడో ఉంటాడు, అమ్మినవాడు అంగడిలో ఉంటాడు, స్టీరింగు వెనుక ఉన్నది మనం.

జీతానికి నడిపే సోదరులకు ఒక మాట. బండి మీది కాదు, లోపం కనిపించింది, యజమాని “ఈ వారం నడిపించు, చూద్దాము” అన్నాడు. అప్పుడు ఆ లోపాన్ని తేదీ వేసి కాగితం మీద వ్రాసి ఇచ్చి, నకలు మీ వద్ద ఉంచుకోండి. సెల్‌ఫోనులో సందేశం పంపినా సరియే. ఆ కాగితం ప్రమాదకరమైన బండిని నడుపుటకు లైసెన్సు కాదు సుమా. నడపనని చెప్పినప్పుడు మీ వెనుక సంఘం నిలబడుటకు అది ఆధారం. అట్టి కాగితం పట్టుకొని ఒంటరిగా యజమాని ముందు నిలబడవలసిన అవసరం లేదు, కార్యాలయానికి రండి.

బండి క్రిందికి దూరే పని గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణమవుతుంది. జాకీ బండిని ఎత్తుటకు ఉన్నది, పట్టి ఉంచుటకు కాదు. జాకీ మీద నిలిచిన బండి క్రింద తల పెట్టకండి. ఇటుకల మీద అంతకన్నా వద్దు. మన ఇటుక బరువును కొంతసేపు మోసి ఉన్నట్లుండి పగులుతుంది. నేల గట్టిగా ఉండాలి, కదలకూడని చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టాలి, ఇనుప స్టాండ్లు సరియైన చోట ఆనించాలి, తరువాత బండిని చేతితో ఊపి చూడాలి. స్టాండ్లు ఒక్కొక్కరు కొనలేకపోవచ్చు. సంఘం కార్యాలయంలో రెండు జతల స్టాండ్లు, ఫీలర్ గేజి, ఒక మంటల సిలిండరు ఉంచినాము. పుస్తకంలో సంతకం పెట్టి శనివారం సాయంత్రం తీసుకొనిపోవచ్చు, సోమవారం ఉదయానికి తెచ్చి ఇవ్వాలి. పోయిన సారి ఫీలర్ గేజి పది రోజులకు తిరిగి వచ్చింది, ఒక రేకు వంగి ఉన్నది.

తీసిన పాత ఆయిలును పెద్ద కాలువలో పోయువారు ఉన్నారు. అది సముద్రానికే పోతుంది. మన పిల్లలు ఆడుకొనే ఒడ్డూ, పొరుగింటి మత్స్యకారుల వలలూ అక్కడనే ఉన్నవి. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇవ్వండి.

వరదలో మునిగిన బండి సంగతి చెప్పవలసినదిగా వెనుక వరుసలోని సోదరుడు చీటీ పంపినారు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను ఈ పట్టణం సమీపాన తీరం దాటినప్పుడు ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. వీధులలో నిలిచిన వ్యానులు సీట్ల వరకు మునిగినవి. అటువంటప్పుడు నీరు తీసిన వెంటనే తాళం తిప్పుటయే అందరూ చేసే పని, అదే చేయరానిది. సిలిండరులో నీరు ఉన్నట్లయితే పిస్టను దానిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు బ్యాటరీ తీగ విప్పండి. ఆయిలు కడ్డీ తీయండి, ఆయిలు పాలు కలిపిన కాఫీ వలె కనిపిస్తే నీరు చేరినట్లే. ప్లగ్గులు తీసి, ఇంజనును చేతితో తిప్పి నీటిని బయటకు పంపాలి. ఇంజను ఆయిలుతో పాటు గేరుబాక్సు ఆయిలు, వెనుక యాక్సిలు ఆయిలు కూడా మార్చాలి. వెనుక యాక్సిలును అందరూ మరచిపోతారు, మూడు నెలలకు అది ఏడ్వటం మొదలుపెడుతుంది. బ్రేకు డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించాలి. అది షెడ్డు పని. వైర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి, మంచినీటితో కడిగి, ఎండబెట్టి, తిరిగి తగిలించుట మాత్రం ఇంటి పనియే. రెండు రోజులు పడుతుంది, ఇంటిల్లిపాదీ కూర్చొని చేయవచ్చు. ఏ కనెక్టరు ఎక్కడిదో విప్పకముందే ఫోటో తీసి పెట్టుకోండి.